శ్రీహరి అడిగిన ప్లేటు

గ్రామఫోన్ రికార్డును ఆ రోజుల్లో నాంపల్లిలో అందరూ ప్లేటు అనేవారు. డెబ్బై దాటినా శ్రీహరి నోట్లోంచి ఆ మాట పోలేదు. పోయి ఉంటే ఎంత బాగుండేది!

కుర్రతనంలో ఆయన, తమ్ముడు కిషన్, ఇంకో ఇద్దరు కలిసి ‘బ్లూ మిస్ట్’ అని సైకడెలిక్ రాక్ బ్యాండ్ పెట్టారు. భుజాల దాకా జుట్టు, వీధి చివరిదాకా గిటార్ల మోత. ఎవరి పుణ్యమో ఒక సినిమాకు సంగీతం చేసే ఛాన్స్ దొరికింది. సినిమా డబ్బాల్లోనే మగ్గిపోయింది గానీ పాటల ప్లేటు బయటికొచ్చింది. ఏం లాభం? కొన్నవాడు లేడు. మరుసటి ఏడే కిషన్ కామెర్లతో పోయాడు. అతని గొంతు ఆ ప్లేటులో తప్ప ఇంకెక్కడా లేదు. ఇంట్లో ఉన్న ఒక్కటీ కిరాయి ఇళ్లు మారడంలో పోయింది.

చచ్చేలోపు తమ్ముడి పాట ఒక్కసారి వినాలి, అంతే ఆయన కోరిక. ఆదివారం వస్తే అబిడ్స్ ఫుట్‌పాత్ మీదే ఉండేవాడు. అక్కడ పాత పుస్తకాలు, రికార్డులు అమ్మే సునందకు అట్ట మీది నీలం పొగ బొమ్మ గుర్తులు చెప్పి, ఫోన్ నంబరిచ్చాడు.

“గా ప్లేటు దొరికితే ఎవ్వరికియ్యకు బిడ్డా, నాకే.”

ఎందుకో చెప్పలేదు. కిషన్ ఊసెత్తితే ఏడుపొస్తుంది. నలుగురిలో ఏడవడానికి సిగ్గు.

ఎండలకు రెండు నెలలు ఇల్లు కదలలేదు. ఒకరోజు సునంద ఫోన్ చేసింది. “సార్, మీ ప్లేటు తయారు. ఆదివారం రాండ్రి.”

తయారు అన్న మాట ఆయన చెవికెక్కితే కదా! పరుగున పోయి ప్లేయర్‌కు కొత్త ముల్లు వేయించుకున్నాడు.

“పైసలొద్దు సార్,” అంటూ సునంద పొట్లం చేతికిచ్చింది. విప్పితే, అంచులు పైకి వంకీలు తిరిగిన నల్లటి పళ్లెం. మధ్యలో లేబుల్, దాని మీద కిషన్ పేరు.

“ఇదేంది బిడ్డా?”

“మీరడిగిన ప్లేటే సార్! పాటలు ఎవరింటున్నరు ఇప్పుడు? వేడినీళ్లల్ల ముంచి గిట్ల మలుస్తున్న. సోంపు పెట్టనీకి హోటలోళ్లు ఎగబడి కొంటున్రు. మీకని జర పైలంగ చేసిన. మంచిగున్నదా?”

ఆ పిల్ల ముఖంలో ఎంత సంబరమో! తిడదామన్నా తప్పెక్కడుంది? శ్రీహరి పొట్లం మళ్లీ చుట్టేశాడు.

“ఔ బిడ్డా, మంచిగున్నది.”

ఇంటికొచ్చి, తెలిసి తెలిసీ దాన్ని ప్లేయర్ మీద పెట్టాడు. ముల్లు అంచుకు తగిలి పక్కకు జారింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. గీర్‌మన్న చప్పుడుకు భార్య నళిని వంటింట్లోంచి వచ్చి, “ఏమైందండీ?” అంది.

“మా కిషన్ పోయిండు నళినీ,” అన్నాడు శ్రీహరి. ఆ కబురు అప్పుడే వచ్చినట్టు నేల మీద కూలబడి బావురుమన్నాడు.