గుహ గోడ మీది రాత

కార్తీక సోమవారం, సాయంత్రం నాలుగున్నర. రాజోలు నుంచి అమలాపురం వచ్చే బస్సులో మా ముందు సీటు వీర్రాజు సెల్లులో డబ్బింగ్ సినిమా పెట్టాడు. ఎప్పుడో ఆకాశం నుంచి దిగినవాళ్లు దాచిన నిధి కోసం కొందరు గుహలో తవ్వుతున్నారు. చివరికి పెట్టె తెరిస్తే మెరిసే రాయి ఒకటి. మెడలు చాచి చూసిన మాకు దక్కింది అంతే.

నా పక్కన కూర్చున్న నేతపని ఆవిడ మాత్రం ఇంకోదానికి విసుక్కుంది.

"గోడ మీద ఆ వింత రాత కుర్రాడు గడగడా చదివేశాడేంటండీ. చదువు అంత తేలికా?"

"అబద్ధం," అన్నాను. "నాకు అరవై దాటాక అఆలొచ్చాయి. 'క్ష' ఒక్కటే నెల తినేసింది."

ఆవిడ నావైపు తిరిగింది. "చీర నేను నేస్తానండీ. నేసినవాళ్ల పేరు చీటీ మీద మా మరిదిగారు రాసి పెడతారు. ఎవరి పేరు రాస్తున్నారో నాకెలా తెలుస్తుంది?"

"నీ పేరు చెప్పు."

చెప్పింది. ఆవిడ అరచేతిలో పెన్నుతో రాశాను. బండారులంక వచ్చేదాకా ఆ అక్షరాల మీదే వేలు తిప్పుతూ కూర్చుంది.

"చెరిగిపోతుందేమోనండీ."

"చెయ్యి కడిగేలోపు నేర్చుకో."

"ఆయ్" అని దిగిపోయింది.

ఆవిడ దిగకముందు, అంబాజీపేటలో జనం దిగేశాక బస్సులో మిగిలింది డ్రైవరు ఏసురత్నం, కండక్టరు దుర్గారావు, సెల్లు వీర్రాజు, చంద్రమ్మ అనే నేను, ఆవిడ. ఆవిడ పేరు ఇక్కడ నేను రాయను. అది ఆవిడ రాయాల్సింది.