రాడ్ దగ్గర పోసిన నీళ్లు

1998 ఎండాకాలం. శామీర్‌పేట, తూంకుంట చుట్టుపక్కల ఇళ్లకు వైరింగ్ పనులు చేసేవాణ్ణి. నా చేతి పని మీద నమ్మకం ఎక్కువ, దానికి తగ్గ పొగరూ ఉండేది.

ఒక మధ్యాహ్నం తూంకుంటలో పాలు అమ్మే జైతూన్‌బీ కబురు పంపింది. నేను వెళ్లేసరికి ఆమె గేదె నీళ్ల తొట్టికి దూరంగా నిలబడి మొండికేస్తోంది.

“వారం నుంచి గీ దిక్కు రానంటాంది అన్నా. దిష్టి అంటున్రు. నాకు గూడ ఈడ నిలబడితే కాళ్లు జివ్వుమంటున్నయి. డాక్టర్‌సాబ్ రక్తం తక్కువున్నదని గోలీలు ఇచ్చిండు. మస్తు పరేషాన్ అయితున్న.”

నా చూపు తొట్టి పక్కకు పోయింది. అక్కడ భూమిలో దిగేసిన ఇనుప కడ్డీ, అంటే ఎర్త్ రాడ్, నేను పాతిందే.

కరెంటు ఫేజ్ వైరులో ఇంట్లోకి వచ్చి, బల్బు వెలిగించి, న్యూట్రల్ వైరులో తిరిగి వెళ్తుంది. ఈ రాకపోకల దారి ఎక్కడా తెగకుండా ఉంటేనే సర్క్యూట్. కిందటి వానాకాలం వాళ్ల న్యూట్రల్ తెగింది. నా దగ్గర వైరు లేక, తిరిగి వెళ్లే దారిని ఈ రాడ్‌కు కలిపాను. అప్పట్లో చాలామంది చేసిన పనే. తడి నేలలో కరెంటు సులువుగా పోతుంది కాబట్టి, లైటు మసకబారితే రాడ్ దగ్గర బకెట్ నీళ్లు పొయ్యమని కూడా చెప్పాను. రెండ్రోజుల్లో కొత్త వైరు తెచ్చి వేస్తానన్నవాణ్ణి, పూర్తిగా మర్చిపోయాను.

లోపల ఫ్యాను నెమ్మదించింది. జైతూన్‌బీ వట్టి కాళ్లతో, ఇనుప బకెట్ పట్టుకుని రాడ్ వైపు నడిచింది.

“ఆగు చెల్లె!” అని అరిచాను.

రాడ్‌కు టెస్టర్ ఆనిస్తే అందులో దీపం వెలిగింది. పోసిన నీళ్లు పైపైనే ఇంకి, ఎండకు లోతున నేల పొడిబారి, కరెంటు లోపలికి పోలేక రాడ్ చుట్టుపక్కల మట్టిలోనే పరుచుకుంది. ఇంట్లో ఫ్యాను, లైటు ఆపించాను. టెస్టర్ ఆరిపోయింది. కాసేపటికి గేదె తనంతట తనే వచ్చి తొట్టిలో మూతి పెట్టింది. ఆ పూటే కొత్త వైరు తెచ్చి న్యూట్రల్ కలిపాను.

“దిష్టి పోయిందా అన్నా?”

“దిష్టి కాదు చెల్లె, నా తప్పు. నీళ్లు పోస్తా పోస్తా ఆ రాడ్ తాకితే పానమే పోతుండె.”

ఆమె బకెట్‌ను రాడ్‌కు దూరంగా జరిపింది. “నువ్వు జెప్పినవని రోజు పోసిన అన్నా. ఒక్కరోజు గూడ మర్వలే.”

తిట్టినా బాగుండేది. ఆ తర్వాత న్యూట్రల్ కలపకుండా ఏ ఇంట్లోనూ నిచ్చెన దిగలేదు.