గడ్డ పక్కన గీయని నరం

నేను చేసే పనేమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. పొద్దున్నే కళ్యాణదుర్గంలో బస్సెక్కి అనంతపురం వెళ్ళి, కంప్యూటర్‌లో కాలేయం బొమ్మల మీద గీతలు గీస్తానంటే మా నాయన నవ్వేవాడు. నిజానికి పని అదే. ఎక్కడెక్కడి ఆసుపత్రుల్లోనో తీసిన స్కాన్లు మా ఆఫీసుకు వస్తాయి. రోగి పేరుండదు, ఒక నంబరు ఉంటుంది. కాలేయం ఎంతవరకు, క్యాన్సర్ గడ్డ ఎక్కడ, రక్తనాళాలు (మా మాటల్లో నరాలు) ఎక్కడ అని పొర తర్వాత పొర గీసి రంగులు వేస్తాం. ఆ గీతల్ని నమ్ముకుని వేరే ఊళ్ళో ఇంజినీర్లు గడ్డను కాల్చే వైద్యాన్ని ముందుగా కంప్యూటర్‌లోనే చేసి చూస్తారు. సూది ఎటునుంచి గుచ్చాలి, ఎంతసేపు వేడి పెట్టాలి, గడ్డ పూర్తిగా కాలుతుందా అని.

శిక్షణకు వచ్చిన డాక్టరమ్మ ఒక మాట చెప్పి వెళ్ళింది. గడ్డను ఆనుకుని పెద్ద రక్తనాళం ఉంటే, అందులో పారే రక్తం వేడిని ఎత్తుకుపోతుందట. ఆ వైపు గడ్డ కాలకుండా మిగులుతుంది, మిగిలిందే మళ్ళీ పెరుగుతుంది. ఆ మాట నా బుర్రలో నిలిచిపోయింది.

ఇబ్బందేమిటంటే, సరిగ్గా గడ్డ పక్కనే నాళం అంచు మసకగా ఉంటుంది. బూడిద రంగులో బూడిద రంగు. ఒక్కో స్కాన్‌కు దానికే గంట పట్టేది. రోజుకు ఇన్ని స్కాన్లు అని మాకు లెక్క ఉంది, నేను ఎప్పుడూ వెనకబడేదాన్ని. ఒకరోజు మా టీమ్ లీడర్ నా కుర్చీ వెనక నిలబడి అన్నాడు.

"ఏమ్మా, ఈ ఒక్కదాని మీదే పొద్దు పోగొడతాండావా? కనపడని నరాలు వదిలెయ్. డాక్టర్లు చూసుకుంటారు."

కంప్యూటర్‌లో నాళం లేకపోతే, గడ్డ మొత్తం కాలినట్టే చూపిస్తుంది కదా సార్ అని అడిగాను. అది నా పని కాదన్నాడు. పక్క సీట్లలో వాళ్ళ తెరల మీద చూస్తే గడ్డ పక్కన నాళమే లేదు. అప్పటికే అందరూ వదిలేస్తున్నారని నాకు ఆ రోజే తెలిసింది. నా ఒళ్ళు మండిపోయింది. ఆ నంబరు వెనక ఒక మనిషి ఉండాడే, ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, అంతా కాలిపోయింది పొమ్మని ఇంటికి పంపిస్తే?

ఇంటికెళ్ళి చెప్పాను, పని పోవచ్చని కూడా. "తప్పని తెలిసి గీయొద్దు. పని పోతే ఇంగోటి చూసుకుందాం," అన్నాడు నాయన.

ఆ వారం ఇంజినీర్లతో జరిగిన వీడియో సమావేశంలో నేనే నోరు తెరిచాను. గడ్డ పక్క నాళం గీయకుండా పంపితే మీకు తెలుస్తుందా అని అడిగాను. తెలియదు, మీరు గీసిందే మాకు నిజం అన్నాడు ఒక ఇంజినీరు. మా టీమ్ లీడర్ నా మైకు ఆపేశాడు. మర్నాటి నుంచి నన్ను ఆ పనిలోంచి తీసేసి, ఫైళ్ళకు పేర్లు మార్చే పనిలో కూర్చోబెట్టారు.

నెల తిరక్కముందే పంపినవన్నీ వెనక్కి వచ్చాయి. అవతలివాళ్ళు వెతికి చూస్తే సగానికి పైగా స్కాన్లలో గడ్డ పక్క నాళాలే లేవు. మేం గీసినవి ఇంకా కంప్యూటర్ పరీక్షల్లోనే ఉన్నాయని, ఏ రోగికీ వాడలేదని చెప్పారు. ఆ మాట విన్నాక నాకు ఊపిరి ఆడింది. అన్నీ మళ్ళీ గీయడానికి నన్ను పాత కుర్చీకి పిలిచారు. పిలిచిన టీమ్ లీడర్ క్షమించమని అనలేదు.

పైగా తర్వాతి మీటింగులో తెర మీద పెద్ద అక్షరాలతో పెట్టాడు, మన టీమ్ గుర్తించిన లోపం అని. నేను లేచి నిలబడ్డాను.

"వదిలెయ్యమని చెప్పింది మీరే కదా సార్," అన్నాను.

ఆయన తెర మీది పేజీ మార్చేసి తర్వాతి విషయానికి వెళ్ళాడు. నేను ఇప్పటికీ అదే ఆఫీసులో పనిచేస్తున్నాను. ఆయనా నేనూ పని మాటలు తప్ప మాట్లాడుకోం. ఆ కోపం తగ్గాలని కూడా నాకు లేదు.