పుస్తకాల వెనక నీలం పంపు

మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసిన నర్సమ్మ పోయిన సోమవారం కామారెడ్డిలో కన్నుమూసింది. కబురు తెచ్చినవాళ్లు ఒకప్పుడు ఆమె వస్తుంటే తలుపులు దగ్గరికి వేసుకున్నవాళ్లే. ఇప్పుడు ఆమె ఫొటోకు దండ వేసి, ఫ్లెక్సీ కట్టి ఏడ్చారు. ఆ కన్నీళ్లను నేను నమ్మను. నావి కూడా అంత తొందరగా నమ్మొద్దని పాఠకులకు మనవి.

ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఆడవాళ్లు ఇంట్లోనే బీడీలు చుడతారు. మా కోడలూ అంతే. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కనే నిద్రపోయే మనవరాలు. నేను చెబుతున్న రోజుల్లో పిల్లకు ఆరేళ్లు, ఉబ్బసం. నర్సమ్మ ఇంట్లోకి వస్తే కూర్చునేది కాదు. ముందు గాలి పీల్చి చూసేది.

"చాట వసారల వెట్టుకో బిడ్డా. పిల్ల పండే అర్రల తంబాకు వద్దు."

"నా కూలి మీద వడ్డది నర్సమ్మ" అని ఆమె వెళ్లాక కోడలు గొణిగేది. చాట మాత్రం వసారాలోకి మారింది.

కామారెడ్డి డాక్టరు రెండు పీల్చే పంపులు రాశాడు. ఒకటి దగ్గు లేకున్నా రోజూ పీల్చాల్సింది, నీలం రంగుది ఆయాసం వచ్చినప్పటికి. ప్లాస్టిక్ నీళ్ల సీసా అడుగున కోసి, అందులో పంపు అమర్చి, సీసా మూతి పిల్ల నోటికి పెట్టి ఎలా పీల్పించాలో నర్సమ్మ చూపించింది. ఊరికే మేలు చేసేవాళ్లు ఉండరని నా చదువు నాకు నేర్పింది.

"ఏ మందుల కంపెనీ ఎంతిస్తుంది నర్సమ్మా?"

"ఇస్తే నా చెప్పులు గిట్లుంటయా బాపు?"

మందు కాగితం మీద సన్నక్షరాల్లో ఉన్న దుష్ఫలితాలన్నీ చదివాను. దగ్గు తగ్గింది కదా, ఇక ఇది అలవాటైపోతుందని పంపులు రెండూ నా పుస్తకాల వెనక దాచాను. కోడలు ఇల్లంతా వెతికితే నేనూ వెతికినట్టు నటించాను.

పదో రోజు మధ్యాహ్నం పిల్లకు ఊపిరి అందలేదు. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోంది, మాట రావడం లేదు. కోడలు పరుగెత్తి నర్సమ్మను పిలుచుకొచ్చింది. నేను పుస్తకాలు కిందికి లాగి పంపు తీయడం నర్సమ్మ ఒక్కతే చూసింది. సీసాతో మందు పీల్పించి, పిల్లను ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఎల్లారెడ్డి దవాఖానాకు తీసుకుపోయింది.

"పంపు ఏడ దొరికింది?" అని అక్కడ కోడలు అడిగింది.

"బాపు దేవులాడి తీసిండు" అంది నర్సమ్మ, నేనే వెతికి పట్టుకున్నట్టు.

తర్వాత నాతో విడిగా అన్నది ఇంతే: "అనుమానముంటే నన్ను తిట్టుండ్రి బాపు. పిల్ల మందు ముట్టకుండ్రి."

ఆ మేలుకు బదులు ఏదో అడుగుతుందని ఏళ్ల తరబడి ఎదురుచూశాను. అడగలేదు. అదీ అనుమానంగానే ఉండేది. వచ్చినప్పుడల్లా ఫ్యాను ఆపించి, పిల్ల వీపుకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని వినేది. బదిలీ అయ్యాక కూడా వచ్చి విన్నది.

ఊరివాళ్ల దొంగ ఏడుపుల మీద రాద్దామని కూర్చుంటే కలం సాగలేదు. లేచి వెళ్లి, జరిగింది కోడలికి చెప్పాను. ఆమె చాట పక్కన పెట్టి లేచింది.

"పిల్ల మందు డబ్బా ఇటియ్యుండ్రి మామా."

ఇన్నేళ్లూ అది నా అల్మారాలోనే ఉంది. నేనైతే భద్రంగా చూస్తానని ఆమె నమ్మకం. తెచ్చి ఇచ్చాను. ఆమె నీలం పంపు తీసి, ఊపి, గుమ్మంలో నిలబడి గాలిలోకి నొక్కింది. తెల్లటి తుంపర ఎండలో కాసేపు నిలిచి కరిగిపోయింది. ఆమె మళ్లీ ఊపి, ఇంకోసారి నొక్కి చూసింది.