జహంగీర్ ఉస్తాద్ కళ్లు

మా గురువు, జడ్చర్ల చిత్రకారుడు జహంగీర్ ఉస్తాద్ మొన్న శుక్రవారం కన్నుమూశారు. కబురు తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి చెబుతున్నప్పుడు నేను కంప్యూటర్ ముందు కూర్చొని ఎవరి బొమ్మకో పెదవులు దిద్దుతున్నాను. "ఏ ఉస్తాద్?" అని రెండుసార్లు అడిగానట. మా ఊళ్లో ఉస్తాద్ అంటే ఆయనొక్కరే.

నిన్న గ్రంథాలయంలో సంతాప సభ జరిగింది. వక్తలందరూ ఆయన హస్తకౌశలాన్ని వేనోళ్ల కొనియాడారు. ఒక పెద్దమనిషి మాత్రం, "పాపం, ఆఖరుకు కండ్లు ఆనక పని ఇడిసిపెట్టిండు" అన్నాడు. చాలామంది తలలూపారు. ఆయన ప్రియశిష్యుణ్ణని ముందు వరుసలో కూర్చోబెట్టిన నేను నోరు మెదపలేదు. ఆ సిగ్గే ఈ వ్యాసం రాయిస్తోంది.

డిగ్రీ తప్పి, ఏం చేయాలో తోచక తిరుగుతున్న రోజుల్లో, ఎనభైల చివర, ఆయన దగ్గర చేరాను. దుకాణాల బోర్డులు రాయడం ఉస్తాద్ జీవనోపాధి. గతించినవారి రూపచిత్రాలు గీయడం ఆయన తపస్సు. చిన్న ఫొటో మీద గళ్లు గీసి, అవే గళ్లు పెద్ద కాగితం మీద పరిచి, పెన్సిల్‌తో ముఖాన్ని నెమ్మదిగా తేల్చేవారు. రంగు ముట్టుకోకముందే ఆ చిత్తుబొమ్మను సంచిలో పెట్టుకొని సైకిల్ మీద ఆ ఇంటికి పోయేవారు. పోయిన మనిషితో ఎక్కువకాలం బతికినవారి ముందు దాన్ని పరిచి, తప్పు పట్టమని బతిమాలేవారు.

"రంగు పడ్డంక ఎవ్వరు నిజం చెప్పరు బేటా. మంచిగుంది అంటరు. పెన్సిల్ మీదున్నప్పుడే చెప్తరు" అనేవారు.

నారాయణపేటలో ఒక నేతకారుడి బొమ్మకు, మూతి కుదరలేదని అతని అక్క అన్నందుకు, మూడుసార్లు బస్సెక్కారు. మూడోసారి నేను సణిగాను. "ఆయన మళ్ల వచ్చి మన ముంగట కూసోడు గద. మనమే పోవాలె" అన్నారు. ఆ ఎండలో ఆ మాట నాకు చిరాకే కలిగించింది, దాని విలువ అప్పుడు తెలియలేదు.

తొంభైల చివర నేను కంప్యూటర్ దుకాణం తెరిచాను. ఉస్తాద్‌కు ఈర్ష్య అన్నది తెలియదు. స్టూలు లాక్కొని నా పక్కన కూర్చున్నారు. ఆయన పెన్సిల్ బొమ్మను స్కాన్ చేసి, దాని మీద నేను మౌస్‌తో రంగులు పరిచేవాణ్ణి. "నీడ నల్లగుండదు, జర నీలం కలుపు" అని నేర్పింది ఆయనే. "కండ్లు ఆఖరుకు పెట్టు. కండ్లు పెట్టినంక ఆ మనిషి మననే చూస్తడు, తప్పు చేయనీకి సిగ్గయితది" అనేవారు. ఆయన పక్కనే కూర్చుని చూస్తుండగానే నేను సిగ్గు విడిచాను.

దుకాణం కొత్తలో మల్లమ్మ అనే గొర్రెల కాపరుల ఇంటి అవ్వ, కొడుకుతో వచ్చి, పోయిన భర్త బొమ్మ కావాలంది. అతని ఎడమ కనుబొమ్మ మీద పొట్టేలు కొమ్ము తగిలిన గాటు ఉండేది. ఉస్తాద్ చిత్తుబొమ్మ గీసి అవ్వకు చూపించారు, ఆమె గాటు మీద వేలు పెట్టి సరేనంది. ఆ తర్వాత కొడుకు వచ్చి, తల్లి బొమ్మ కూడా పక్కన పెట్టాలనీ, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నట్టు ఉండాలనీ అడిగాడు. రెండు ముఖాలూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఉస్తాద్ ఆ రోజు లేరు. నేను ఒక్క మీట నొక్కి భర్త ముఖాన్ని అద్దంలో మాదిరి అటు తిప్పేశాను. గాటు కుడివైపుకు పోయింది. నేను చూసుకోలేదు. మళ్లీ ఆ ఇంటికి పోయి చూపించనూ లేదు.

ఫ్రేము కట్టిన బొమ్మను చూసి అవ్వ, "గీయన మా ఆయన కాదు" అంది. "గాటు గీ దిక్కు లేకుండె. ఆనాడు కాయితం మీద సక్కగనే ఉండె గద."

దుకాణంలో మరో ఇద్దరు ఉన్నారు. కొత్త దుకాణం, కొత్త మిషను, పేరు పోతుందన్న భయం. "నేను రంగులే వేసిన అవ్వా. ఉస్తాద్‌కు ఈ నడుమ కండ్లు జర ఆనుతలేవు" అన్నాను.

ఉస్తాద్ స్టూలు మీదే ఉన్నారు. అసలు చిత్తుబొమ్మ ఆయన సంచిలోనే ఉంది. చేయి సంచి మీదికి పోయింది, మళ్లీ వెనక్కి వచ్చింది. "అవునవ్వా, నాదే తప్పు. రంగులేసేటప్పుడు అటు పెట్టుమని నేనే చెప్పిన" అన్నారు.

ఆ మాట చాయ్ హోటళ్ల మీదుగా ఊరంతా పాకింది. బోర్డుల పని వేరేవాళ్లకు పోయింది. బడి గోడ మీద బొమ్మలకు ఇంకెవరినో పిలిచారు. నా దుకాణం మాత్రం పెరిగింది. ఆయన ఆ విషయం ఒక్కనాడూ ఎత్తలేదు. నేను ఎత్తే ధైర్యం చేయలేదు.

ఈ ఉదయం ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన భార్య హమీదమ్మ ఆ సంచి నా చేతిలో పెట్టింది. "ఆఖరి దినం దాక నా సూదిల దారం ఆయననే ఎక్కించిండు బిడ్డా. కండ్లు పోయినయని ఎవలన్నరో ఏమో" అంది. అన్నది నేనేనని చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని లోపలికి వెళ్లిపోయింది.

సంచిలో ఆ చిత్తుబొమ్మ ఉంది. మడతలు పడింది కాని గాటు ఎడమవైపే ఉంది. తీసుకొని మల్లమ్మ ఇంటికి పోయాను. ఆమె కాగితాన్ని వెలుతురులోకి పట్టుకొని గాటు మీద వేలితో నిమిరింది.

"గిదే మా ఆయన. గిది గీసినాయన ఏడి?"

ఆయన పోయారనీ, ఆనాటి తప్పు నాదేననీ చెప్పాను. "మరి గా దినమే చెప్పకపోతివి" అంది.

తన గీతలో తప్పు వెతకమని ఇల్లిల్లూ తిరిగి అడిగిన ఆ మహనీయుడి వంటి మనిషి మాకు ఇక దొరకడు. ఆయన్ను గురించి నేను గీసిన చిత్తుబొమ్మ ఇది. ఆయనతో బతికిన వారంతా చూసి తప్పులు చెప్పండి, దిద్దుకుంటాను. ఒక్క గీత మాత్రం చెరపను. జహంగీర్ ఉస్తాద్ కళ్లు చివరిదాకా బాగానే ఉన్నాయి.