మా పిన్ని ఇంట్లో 'ఏదైనా' దొరకదు

మా పిన్ని ఇంటికెళ్లి "ఏదైనా పర్లేదు" అన్నవాడికి మంచినీళ్లు కూడా పుట్టవు. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు. ఉద్యోగం పేరుతో ఆవిడ ఇంట్లో ముందు గది ఆక్రమించి, ఏళ్ల తరబడి ఆవిడ చేతి తిండి తిన్నవాణ్ని చెబుతున్నాను.

వెళ్లిన మొదటి రోజే అడిగింది. "కాఫీయా, టీయా?"

"ఏదైనా పర్లేదు పిన్నీ."

"ఏదైనా అనేది మా ఇంట్లో పెట్టం. కాఫీ పెడతాం, టీ పెడతాం."

"సరే, నీకేది వీలైతే అదే."

"నా వీలు నేను చూసుకుంటాలే. నోరు నీది కదా? దానికేం కావాలో దాన్నడిగి చెప్పు."

మర్యాదస్తుణ్ని కాబట్టి నవ్వి ఊరుకున్నాను. ఆవిడా నవ్వి ఊరుకుంది. సాయంత్రం దాకా ఎండిన గొంతుతో కూర్చుని, చివరికి సిగ్గు విడిచి "కాఫీ! చక్కెర కాస్త ఎక్కువ!" అని అరిచాక గానీ కప్పు రాలేదు.

పిన్ని కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. పొద్దస్తమానం జనాన్ని చీకటి గదిలో కూర్చోబెట్టి, ఒక అద్దం పెట్టి, అది తీసి ఇంకోటి పెట్టి, "ఇది బావుందా, అది బావుందా?" అని అడగడమే పని. రెండూ ఒకేలా ఉన్నాయన్న మనిషిని వదలదు. ఓ పెద్దాయన భోజనం వేళ దాటిపోతోందని "ఏదో ఒకటి ఇచ్చి పంపెయ్యమ్మా" అని బతిమాలితే, "మీ కళ్లతో నేను చూడలేను కదండీ" అని మళ్లీ మొదటి అద్దం దగ్గర్నుంచి మొదలుపెట్టిందట. ఆయన కళ్లజోడు లేకుండానే బతకడం అలవాటు చేసుకున్నాడని దుకాణంలో చెప్పుకుంటారు.

పనిని దుకాణంలోనే వదిలి ఇంటికి రావడం తెలిసిన మనిషైతే మా బాబాయి ఎంతో సుఖపడేవాడు. ఆయన బస్సు డ్రైవరు. ఏ దారిన వెళ్లాలో ముందే ఎవరో తేల్చేసి ఉంటారు కాబట్టి ఆ ఉద్యోగమంటే ఆయనకు ప్రాణం. ఇంటికొస్తే మాత్రం దిండు మెత్తదా గట్టిదా, కిటికీ తెరవాలా మూయాలా అని తేల్చితే గానీ నిద్రపోనివ్వదు.

"పెళ్లికి ముందు 'నేను నచ్చానా?' అని అడిగిందిరా మీ పిన్ని. 'పర్లేదు' అన్నాను. ఆ శిక్ష ఇంకా నడుస్తోంది" అన్నాడు ఓసారి నాతో, వంటింటి వైపు భయంగా చూస్తూ.

ఇలాంటి ఇంటికి ఎవరైనా పిల్లల్ని పంపుతారా? పిల్లల సంక్షేమ ఆఫీసువాళ్లు పంపుతారు. కన్నవాళ్ల దగ్గర ఉండే వీల్లేని పిల్లల్ని కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకుని చూసుకునే కుటుంబాల్లో మాదీ ఒకటి. అలా వచ్చింది ఆ పిల్ల. ఏడో తరగతి. అప్పటికే నాలుగిళ్లు మారింది. సంచీ విప్పి బట్టలు బయట పెట్టుకోదు, కుర్చీలో చివరి అంచున కూర్చుంటుంది. ఆ పిల్లకి తెలిసిన మాట ఒక్కటే, "పర్లేదండీ". ఈ పిల్లకీ మా పిన్నికీ జత కుదిర్చిన ఆఫీసువాళ్ల తెలివికి దండం పెట్టాలి.

"నీ మంచం కిటికీ వైపు వెయ్యనా, గోడ వైపా?"

"ఎక్కడైనా పర్లేదండీ."

"గుడ్డు ఉడకబెట్టనా, ఆమ్లెట్ వెయ్యనా?"

"ఏదైనా పర్లేదండీ."

నన్ను మాడ్చినట్టు ఆ పిల్లని మాడ్చలేదు, అంత అన్యాయం లేదు. రెండూ చేసి ముందు పెట్టి, ఏ పళ్లెం మీదికి చెయ్యి ముందు వెళ్తుందో అని కాపలా కాసేది. ఆ పిల్ల ఇందులో సగం, అందులో సగం తిని, పళ్లేలు కడిగేసి వెళ్లిపోయేది. పిన్ని తల పట్టుకునేది. ఇన్నాళ్లకి ఈవిడకి తగిన జోడీ దొరికిందని నేనూ బాబాయీ వంటింట్లో చేతులు కలుపుకున్నాం.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. పిల్ల కుంటుతోందని బాబాయి కనిపెట్టాడు. పిన్ని బూట్లు విప్పించింది. మడమల దగ్గర తోలు ఊడిపోయి ఉంది, వేళ్లన్నీ కమిలిపోయాయి. ఆ బూట్లు ఎప్పటివో, పాదం ఎదిగి ఎన్నాళ్లయిందో.

"చెప్పలేదేం తల్లీ?"

"పర్లేదండీ. నడవొచ్చు."

పిన్ని మందు రాసి, లోపలికెళ్లి చాలాసేపు కుళాయి విప్పుకుని ఉండిపోయింది. వెక్కిరించడానికి నాకూ నోరు రాలేదు.

మర్నాడు మమ్మల్నందర్నీ చెప్పుల దుకాణానికి తోలుకెళ్లింది. ఇక ఆ దుకాణదారు పాట్లు చెప్పనలవి కాదు. జత తొడగడం, "ఇది బావుందా, అది బావుందా?" అనడం, పిల్ల "పర్లేదండీ" అనడం, పిన్ని "తీసెయ్" అనడం. అట్టపెట్టెలు నడుమెత్తు పేరుకున్నాయి. దుకాణదారు నిచ్చెన ఎక్కీ దిగీ ఓపిక నశించి, చివరికి దాని మెట్టు మీదే కూలబడ్డాడు. ఆయన్ని చూసి జాలేసిందో ఏమో, పిల్ల మెల్లిగా నోరు విప్పింది.

"ఇది... చిటికెన వేలి దగ్గర నొక్కుతోందండీ."

"ఏమన్నావ్?"

"నొక్కుతోంది. నాకొద్దు."

పిన్ని దుకాణదారు వైపు తిరిగింది. "విన్నారా? నొక్కుతోందట!"

"విన్నానమ్మా" అన్నాడాయన ఏడుపు గొంతుతో.

ఆ నొక్కుడుతో మా కొంప మునిగింది. పిల్లకి నోరొచ్చింది. బాబాయి గురక గోల పెడుతోందంది. నేను స్నానం చేస్తూ పాడే పాట పాటే కాదంది. హాల్లో తెర కట్టిన తన మూలలోకి అడక్కుండా రావద్దని పిన్నికే చెప్పింది. కూర బాలేదన్న రోజున పిన్ని సంతోషం చూడాలి. "ఎంత బాలేదు? ఉప్పు తక్కువా, కారం ఎక్కువా?" అని పక్కన కూర్చుని మరీ అడిగింది. అదే కూర బాలేదని నేనంటే గరిటె తిరగేసేది.

బెంచీ మీద తన చోటు లాక్కున్న పిల్లతో గొడవ పెట్టుకుందని బడి నుంచి కబురొచ్చింది. "ఇదివరకు ఎంత నెమ్మదిగా ఉండేదో!" అని వాపోయింది టీచరు.

"అవునండీ. ఇప్పుడు నయమైంది" అంది పిన్ని.

అంతా బాగుందనుకునే వేళకి సంక్షేమ ఆఫీసు మేడమ్ వచ్చింది. హాల్లో తెర పక్కకి లాగి చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఎదిగే పిల్లకి సొంత గది ఉండాలని మా నిబంధనండీ. ఊరవతల ఒక కుటుంబం దొరికింది. పెద్ద ఇల్లు, వేరే గది. వచ్చే వారం మార్చేద్దాం" అని, పిల్ల వైపు తిరిగింది. "అక్కడికి వెళ్లడం నీకు పర్లేదు కదమ్మా?"

నేను పిన్ని వైపు చూశాను. కాఫీకీ టీకీ మనుషుల ప్రాణం తీసే మనిషి నోరు మూసుకుని కూర్చుంది. బాబాయి ఆవిడ కాలు తొక్కాడు. కాలు వెనక్కి తీసుకుంది. "ఉంచుకుంటామని చెప్పు పిన్నీ" అని గొణిగాను. చెప్పలేదు. చేతిలో రుమాలు మాత్రం పిండేస్తోంది. పిల్ల ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడ నేల చూపులు చూసింది.

"పర్లేదు..." అంది పిల్ల.

మేడమ్ రాసుకోవడానికి పెన్ను తీసింది.

"...కాదండీ. నాకిష్టం లేదు. నేనిక్కడే ఉంటా."

"మరి గది?" అంది మేడమ్.

"ఉందిగా, అన్నయ్యది" అని నా వైపు వేలు చూపించింది. "అన్నయ్యకి ఉద్యోగముంది. వేరే గది తీసుకోవచ్చు. నాకు ఆ కిటికీ నచ్చింది. గోడల రంగు మాత్రం అస్సలు బాలేదు."

మేడమ్ నవ్వాపుకుంటూ నన్నడిగింది. "మీకు అభ్యంతరమా?"

"పర్లేదండీ" అన్నాను.

"పర్లేదేంట్రా?" పిన్నికి గొంతు తిరిగొచ్చింది. "ఇష్టమా కాదా? కాదంటే కాదను, ఇంకో దారి చూస్తా. దాని కోసం మొహమాటపడితే మాత్రం ఊరుకోను."

పిల్ల నా జవాబు కోసం తలెత్తి చూస్తోంది. అద్దె, హోటలు తిండి, బట్టలుతుక్కోవడం అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "ఇష్టమే" అన్నాను. విచిత్రమేమిటంటే, నిజంగానే ఇష్టంగా ఉంది.

మేడమ్ వెళ్లాక పిన్ని మీద పడ్డాను. "ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది? ఇక్కడ మా గుండెలాగిపోయాయి!"

"నేనుండమంటే ఉండేదిరా" అంది పిన్ని. "ఆవిడ పొమ్మంటే పోయేది. ఇన్ని ఇళ్లలోనూ అది చేసిందదే కదా. దానికేం కావాలో ఒక్కసారైనా అది చెప్పాలి, అవతలివాళ్లు వినాలి."

"వెళ్తానని ఉంటే?"

"పంపేదాన్ని. తర్వాత కూర్చుని ఏడ్చేదాన్ని."

అలా నేను రెండు వీధుల అవతల ఓ ఇరుకు గదిలో పడ్డాను. వెళ్లగొట్టింది చాలదన్నట్టు, ఆదివారం నాడు నా పాత గదికి రంగు వెయ్యడానికి నన్నే పిలిచారు. రంగు ఎంచింది పిల్లే, మేస్త్రీ కూడా పిల్లే. తన సంచీలోని బట్టలన్నీ అప్పటికే అలమరలో సర్దేసుకుంది.

"ఆ మూల సరిగ్గా పడలేదు అన్నయ్యా. మళ్లీ వెయ్యి."

"మంచం వెనక్కి వెళ్లే మూలే తల్లీ అది. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్తాను" అంది.

నోరు మూసుకుని మళ్లీ వేశాను.