ఒళ్ళుంది, రక్తమే లేదు

మా చెల్లెలికి గర్భసంచి తీసేయాలని చెప్పిన రోజున రాజమండ్రి ఆసుపత్రి వరండాలో మావాళ్ళందరూ ఉన్నారు. దానిది నెగటివ్ గ్రూపు, అంత తేలిగ్గా దొరకదు, రక్తం ఇచ్చే మనిషిని ముందే చూసిపెట్టుకోమని డాక్టరమ్మ చెప్పి లోపలికి వెళ్ళింది. అందరి తలలూ నా వైపు తిరిగాయి. నాదీ అదే గ్రూపు. పైగా మా వంశం మొత్తానికి లావు నేనే. మా మేనమామ నన్ను పైనుంచి కిందికి చూసి, ఈ మనిషి ఉండగా రక్తానికి లోటేంటని తేల్చేశాడు. ఆ చూపులో ధవళేశ్వరం ఆనకట్ట తలుపులు ఎత్తడమే తరువాయి అన్న ధీమా ఉంది. నాకూ ఆ ధీమా ఉంది.

బ్లడ్‌బ్యాంకులో ఒకమ్మాయి నా వేలు పొడిచి చుక్క తీసింది. మిషన్ చెప్పింది నమ్మలేక ఇంకో వేలు పొడిచింది. తర్వాత చాలా మర్యాదగా అంది.

"మీ దగ్గర తీసుకోవడం కుదరదండి. ముందు మీరు చూపించుకోండి మేడమ్."

మా మేనమామ మిషన్ పాడైందన్నాడు. సరదాగా మా ఆయన కూడా వేలు చాపాడు. ఆయన చొక్కా హ్యాంగర్‌కి తగిలించినట్టుంటుంది. ఆయన రక్తం భేషుగ్గా ఉందట, గ్రూపు మాత్రం వేరు. ఇంటికొచ్చేదాకా ఆటోలో ఆయన మీసం కింద నవ్వుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ నాకూ పరీక్షలు రాసింది. ఐరన్ తక్కువ, బీ ట్వెల్వ్ తక్కువ, విటమిన్ డీ అయితే అడుగంటింది. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో నాకు ఆ రిపోర్టు చూశాకే అర్థమైంది. మా అత్తగారు మాత్రం నమ్మలేదు. ఇంత ఒళ్ళు పెట్టుకుని బలం లేదంటే నలుగురూ నవ్వుతారు అమ్మాయ్, ఎవరికీ చెప్పకు అని సలహా ఇచ్చారు.

ఆవిడ తప్పేమీ లేదు. మా వైపు తిండి రెండు రకాలు, బలమైనదీ, మామూలుదీ. గుడ్డు, చేప, పాలు, గట్టి పప్పు బలమైన తిండి. అవి బక్కవాళ్ళకి, బాలింతలకి, పరీక్షలు రాసే పిల్లలకి. మనిషికి కాస్త ఒళ్ళు వచ్చిందంటే ముందు ఆపేది వాటినే. అందుకని ఏళ్ళ తరబడి మా ఇంట్లో చేపముక్క మా ఆయనకి, పులుసు నాకు. దాన్ని నేను డైటింగ్ అనుకున్నాను. మల్లెపువ్వులాంటి పాలిష్ బియ్యపు అన్నం ఒక గుట్ట, దాని మీద ఆవకాయ, సాయంత్రం టీతో నాలుగు పునుగులు. పునుగులు తిండి కింద లెక్కకి రావు కదా. ఇక ఎండ. మా జిల్లాలో ఉచితంగా, అడగకుండా, వద్దన్నా దొరికే సరుకు అదొక్కటే. నల్లబడతానని బడికి వెళ్ళేటప్పుడు గొడుగు, వచ్చేటప్పుడు గొడుగు, పాఠం చెప్పే తరగతిలో కిటికీకి దూరంగా కుర్చీ.

ఆపరేషన్‌కి రెండు నెలలు గడువిచ్చారు. చెల్లెలికీ రక్తం తక్కువే, అదీ పెంచుకోవాలి. అది సన్నగా ఉంటుంది కాబట్టి చుట్టాలు దానికి గుడ్లు, దానిమ్మపళ్ళు మోసుకెళ్ళారు. నాకు ఉదయం నడవమని చెప్పి వెళ్ళారు. నేను మాత్రం పట్టుదలగా ఐరన్ బిళ్ళలు వేసుకున్నాను. ఆ బిళ్ళలు వేడి చేస్తాయని మా ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకని మా అత్తగారు, పాపం ప్రేమగానే, బిళ్ళ వేసుకోగానే పెద్ద గ్లాసుడు మజ్జిగ ఇచ్చేవారు. మజ్జిగకి జలుబు చేయకుండా పైన వేడి టీ.

నెల తర్వాత మళ్ళీ చూస్తే రక్తం ఉన్నచోటే ఉంది. బిళ్ళ ఎలా వేసుకుంటున్నావని డాక్టరమ్మ అడిగింది. చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. పాలు, పెరుగు, టీ ఇనుముని ఒంటికి సరిగా పట్టనివ్వవట. నిమ్మకాయ నీళ్ళతో వేసుకోమంది, ఒళ్ళు తగ్గాలన్నా సరే గుడ్డూ చేపా మానొద్దంది. ఆ రాత్రి నా కంచంలో చేపముక్క పడింది. మా అత్తగారు దాన్ని చివరి ముల్లు దాకా చూశారు.

నాకు నిజంగా భయం వేసింది. చెల్లెలు రోజురోజుకీ పాలిపోతోంది, నేను దాని పక్కన నిండుకుండలా కూర్చుని ఉన్నాను, లోపల నీళ్ళు లేవు.

ఆపరేషన్ వారంలో మళ్ళీ వేలు చాపాను. పెరిగింది, కానీ ఇంకా కొద్దిగా చాలలేదు. కొంచెమే కదా, తీసేసుకోండని ఆ అమ్మాయిని బతిమాలాను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. బ్లడ్‌బ్యాంకు వాళ్ళే ఎవరెవరికో ఫోన్లు చేస్తే నిడదవోలు నుంచి ఒకావిడ వచ్చింది. చేపలు అమ్ముతుందట, మునక్కాడలా ఉంది. రక్తం ఇచ్చి, వాళ్ళిచ్చిన జ్యూస్ తాగి, రైలు టైమైందని లేచింది. రెండు చేతులూ పట్టుకున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. సాయంత్రానికి చెల్లెల్ని గదిలోకి తెచ్చారు. చుట్టాలందరూ మంచం చుట్టూ మూగారు, నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. అది కళ్ళు తెరిచి అందర్నీ దాటుకుని నన్ను చూసింది.

"అక్కా, ఏమన్నా తిన్నావా?"

గోదావరి జిల్లాల్లో కరెంటు బిల్లు కొట్టడానికొచ్చిన మనిషిని కూడా అడిగే మాట అది. ఒళ్ళొచ్చిన దగ్గర్నుంచీ నన్నెవరూ అడగలేదు. పొద్దుటి నుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. లేదే అన్నాను, ఇక ఏడుపు ఆగలేదు. చెల్లెలు గట్టెక్కిందన్న సంతోషంతో ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. అదీ నిజమే.